నాలుగు జీబీ ల్యాప్‌టాప్, ముప్ఫై ఏళ్ల ఫొటోలు

2024 జూలైలో ఒక ఆదివారం సాయంత్రం, చెల్లెలి పెళ్లి వీడియో చూడాలని ఉందని అమ్మ అడిగింది. బయట వాన. ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె మంచం మీద పెట్టాను. ఆన్ కావడానికి ఆరు నిమిషాలు, ఫోల్డరు తెరుచుకోవడానికి మరో రెండు నిమిషాలు పట్టింది. వీడియో సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. సన్నాయి వినిపిస్తూనే ఉంది, మనుషులు మాత్రం కదలడం లేదు. ఆ ఆగిన బొమ్మలో మా నాన్నగారు పట్టు కండువా సర్దుకుంటూ ఉన్నారు. ఆయన 2020లో పోయారు. అమ్మ చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. "పోనీలే నాన్నా, ఇంకోరోజు చూద్దాం" అని చివరికి తానే మూత వేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే మా ఇంటి ఆల్బమ్. ఇంకో నకలు ఎక్కడా లేదు.

మాకు ఫొటోలంటే ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. మా వెనక గది పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆ గదిలోనే ఉంది ఆల్బముల ట్రంకు పెట్టె. మేము ముందు గదిలో అమ్మనూ పిల్లనూ పొదివి పట్టుకుని ఉన్నాము తప్ప, పెట్టె గురించి ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రోజుల తరవాత తెరిస్తే ఫొటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా ఉన్నాయి. కాగితం ఫొటో మీద బొమ్మ ఉండేది పల్చటి జెలటిన్ పొరలో. తడిసి ఆరితే అది జిగురులా పట్టేస్తుంది. తొందరపడి లాగితే ఒక ఫొటోలోని ముఖం ఇంకో ఫొటో వీపుకు అంటుకుని వచ్చేసింది. అలా మా తాతగారి ముఖం ఒకటి పోయింది. చన్నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలని తరవాత తెలుసుకున్నాను. మిగిలినవాటిని అలాగే విడదీసి, నీడలో ఆరబెట్టి, మరుసటి ఏడాది కొన్న ఈ ల్యాప్‌టాప్‌లోకి ఒక్కొక్కటే స్కాన్ చేసి ఎక్కించాను. నాన్నగారు పక్కన కూర్చుని అందించేవారు.

అందుకే, ఆ ల్యాప్‌టాప్ మొరాయిస్తే నాకు మళ్లీ వెనక గది పెంకులు ఎగిరినట్టే అనిపించింది.

మర్నాడు బజారులో కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లాను. ఒడియా అతను, నాకన్నా పెద్దవాడు. "మెమరీ నిండిపోయింది భాయినా, పెంచాలి" అన్నాను. "ఏ మెమరీ ఆజ్ఞా?" అని అడిగాడు. (ఒడియాలో భాయినా అంటే అన్నా, ఆజ్ఞా అంటే అయ్యా.) నాకు ప్రశ్నే అర్థం కాలేదు. మన మాటల్లో ఫోనులో ఫొటోలకు చోటు లేకపోయినా మెమరీ నిండిందంటాం, కంప్యూటర్ నెమ్మదించినా మెమరీ చాలదంటాం. రెండూ వేరు. నేను మందుల దుకాణంలో లెక్కలు చూస్తాను కాబట్టి నాకు అర్థమైన తీరులో చెబుతాను. వెనక గోడౌన్‌లో పెట్టెలు పేర్చి ఉంటాయి, అది హార్డ్ డిస్క్. కరెంటు పోయినా సరుకు అక్కడే ఉంటుంది. చీటీ చూసి మందులు తెచ్చి పరిచే కౌంటర్ ర్యామ్. రాత్రి దుకాణం మూస్తే కౌంటర్ ఖాళీ. కౌంటర్ చిన్నదైతే, నాలుగో మనిషి చీటీ ఇవ్వగానే మొదటి మనిషి మందులు గోడౌన్‌లో పెట్టి రావాలి, అతను అడిగితే మళ్లీ తేవాలి. పని జరగదు, నడకే మిగులుతుంది.

మా ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది అదే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో చూపించాడు: మెమరీ 91 శాతం, డిస్క్ 100 శాతం. ఉన్నది 4 జీబీ ర్యామ్. విండోస్ లేచేసరికే అందులో సగానికి పైగా పోతుంది. ఆ పైన ఫొటోల సంగతి నేనెప్పుడూ లెక్కవేయలేదు. 12 మెగాపిక్సెల్ ఫొటో డిస్కులో మూడు నాలుగు ఎంబీలే ఉంటుంది, ఎందుకంటే దాన్ని కుదించి దాస్తారు. తెర మీద చూపడానికి విప్పితే కోటీ ఇరవై లక్షల చుక్కలు, చుక్కకు మూడు బైట్లు, అంటే 36 ఎంబీ. వంద ఫొటోలున్న ఫోల్డరు తెరిచి ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోతే ఆ చిన్న కౌంటర్ ఏమవుతుంది? ర్యామ్‌లో చోటు లేక విండోస్ కొంత సామాను డిస్కు మీదికి నెడుతుంది. ఆ డిస్కు నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాతరకం, పైగా 1 టీబీలో 30 జీబీ కూడా ఖాళీ లేదు. ఒక జబ్బుకు ఇంకో జబ్బు తోడైంది.

రెండు స్లాట్లలో ఒకటే వాడకంలో ఉందని కూడా ఆ తెరలోనే కనిపించింది. ఇది ముందే చూసుకోవాలి. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, పెంచే వీలుండదు. మాది అదృష్టం.

"ఇప్పుడే వేసేయండి" అన్నాను. అతను స్క్రూ డ్రైవర్ ముట్టుకోలేదు. "లోపల ఉన్న ఫొటోలకు ఇంకో కాపీ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ముందు కాపీ చేసుకుని రండి ఆజ్ఞా, తరవాతే మూత విప్పుదాం" అని ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాడు. వచ్చిన బేరాన్ని ఆపి నన్ను ఇంటికి పంపిన ఆ మనిషికి నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను. అతను ఆరోజే మూత విప్పి ఉంటే ఏం జరిగేదో తరవాత తెలిసింది.

బయట తగిలించుకునే 2 టీబీ డిస్కు ఒకటి కొన్నాను, ఆరు వేల లోపే అయింది. శనివారం రాత్రి కాపీ మొదలుపెట్టి పడుకున్నాను. ఆ డిస్కుకు కరెంటు ల్యాప్‌టాప్ నుంచే అందుతుంది, కనుక మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ ఉన్నంతసేపూ పని సాగుతుంది. మా ఊళ్లో వానాకాలం రాత్రులకు అది పెద్ద ఊరట. తెల్లవారి చూస్తే కాపీ ఆగిపోయి ఉంది. సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని ఏదో తప్పు చూపిస్తోంది. అంటే డిస్కు చదివిన దానికీ, సరిచూసుకోవడానికి తాను రాసుకున్న గుర్తుకూ పొత్తు కుదరడం లేదని అర్థం. డిస్కు ఆరోగ్యం చూపే ఉచిత ప్రోగ్రాం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూశాను. నీలం రంగులో ఉండవలసిన గడి పసుపు రంగులో ఉంది. సెక్టార్లు, అంటే డిస్కు మీద సమాచారం దాచే చిన్న చిన్న ముక్కలు, చదవడానికి మొండికేస్తున్నవి కొన్ని వందలు. డిస్కు చావుకు దగ్గరపడింది.

ఈ దశలో చేయకూడని పని, పదే పదే అదే ఫైలు తెరవాలని చూడటం. అలిసిన డిస్కును ఇంకా అలిసిపోయేలా చేయడమే అది. నేను ముందు కాగితం మీద వరస రాసుకున్నాను: తిత్లీలో తడిసినవాటి స్కాన్లు మొదట, నాన్నగారు ఉన్నవి తరవాత, పాప చిన్నప్పటివి ఆ తరవాత, సినిమాలూ పాటలూ అసలు వద్దు. ఒక్కో ఫోల్డరే కాపీ చేశాను. తప్పు వచ్చిన ఫోల్డరును పక్కన పెట్టి ముందుకు వెళ్లాను. చివర్లో మిగిలిన మొండి ఫోల్డర్లకు విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడాను. దానితో ఒక జాగ్రత్త ఉంది. మళ్లీ ప్రయత్నించే సంఖ్యను మనమే ఒకటికో రెండుకో తగ్గించి చెప్పాలి. చెప్పకపోతే చదవలేని ఫైలు దగ్గర పది లక్షల సార్లు, సారికి 30 సెకన్ల చొప్పున ఆగుతూ ప్రయత్నిస్తూనే ఉంటుంది.

మూడు రాత్రులు పట్టింది. చివరికి రానివి పదకొండు ఫొటోలు, ఒక వీడియో. ఫొటోలలో తొమ్మిది నా ఫోనులోనో చెల్లెలి ఫోనులోనో దొరికాయి. వీడియో మాత్రం ఎక్కడా లేదు. అది చిన్న రైలు వీడియో.

మా ప్రాంతం వాళ్లకు చిన్న రైలంటే వేరే వివరణ అక్కర్లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన, తరవాత 1931లో గుణుపురం దాకా సాగిన రెండున్నర అడుగుల నారో గేజ్ రైలు అది. పర్లాకిమిడి రాజులు వేయించిన లైను. 2004లో బ్రాడ్ గేజ్ మార్పు కోసం ఆపేశారు. ఆపేయడానికి కొద్ది రోజుల ముందు మా మామయ్య, మా అమ్మ తమ్ముడు, అరువు తెచ్చిన కెమెరాతో గుణుపురం నుంచి ఇంటిల్లిపాదినీ ఎక్కించి తీశాడు. కిటికీలో అమ్మమ్మ ఉంటుంది. ఆమె మాట్లాడుతూ కనిపించే వీడియో మా వంశంలో అదొక్కటే. "ఒరే, తల లోపల పెట్టు, బొగ్గు పడుతుంది" అంటుంది. అప్పటికి బొగ్గు ఇంజన్లు పోయి చాలా కాలమైంది, అయినా ఆమె నోటికి అదే వచ్చింది. ఆ మాట నాకు కావాలి.

మామయ్యకు ఫోను చేశాను. "డీవీడీ ఉండాలిరా, వచ్చి వెతుక్కో" అన్నాడు. తరవాతి ఆదివారం పొద్దున్నే గుణుపురం బండి ఎక్కాను. ఇప్పుడది పెద్ద రైలు, 2011 నుంచి గుణుపురం దాకా బ్రాడ్ గేజే. కాశీనగర్ దాటాక వంశధార నిండుగా కనిపించింది. మామయ్య ఇంట్లో మధ్యాహ్నం దాకా బీరువాలు దులిపాము. చివరికి అత్తయ్యే తెచ్చి ఇచ్చింది, దేవుడి గదిలో పాలసీ కాగితాల కింద నుంచి. కవరు మీద మామయ్య దస్తూరీ: చిన్న రైలు, 2004.

మా ల్యాప్‌టాప్‌కు డీవీడీ పెట్టే అర లేదు. గుణుపురంలోనే ఒక ఫొటో స్టూడియో అబ్బాయి దగ్గర పాత కంప్యూటర్ ఉంటే అక్కడికి వెళ్లాము. డిస్కు మీద రెండు గీతలు ఉన్నాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి పెట్టాడు. గుండ్రంగా తుడవకూడదట, గీత పడితే చదివే దారి వెంటే పడుతుంది. కాసేపు గరగరలాడి తెరుచుకుంది. డీవీడీలో వీడియోను 1 జీబీ ముక్కలుగా కోసి ఉంచుతారు, ఇందులో ఐదు ముక్కలున్నాయి. ఆ అబ్బాయి ఐదింటినీ ఒకే ఫైలుగా కలిపి ఇస్తానన్నాడు. కలిపాక నా 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేయబోతే ఫైలు మరీ పెద్దదని ఎక్కలేదు. పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది. కారణం చోటు కాదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలును పెట్టలేం. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చగానే ఎక్కింది. అమ్మమ్మ మాట స్టూడియోలో వినిపించినప్పుడు మామయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇక ర్యామ్. దీనికి ఇన్ని రోజులు ఆగినందుకు పని తేలికైంది, ఎందుకంటే ఏది తప్పినా ఫొటోలు బయట ఉన్నాయన్న ధైర్యం ఉంది. విశాఖపట్నం నుంచి బావమరిది వస్తుంటే ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ తెమ్మని చెప్పాను. రకం చెప్పలేదు, అది నా పొరపాటు. అతను తెచ్చింది డీడీఆర్3. మాది డీడీఆర్4. చూడటానికి రెండూ ఒకేలా వేలెడు పొడవున్న పచ్చ పలకలే, కానీ కింద బంగారు పళ్ల మధ్య ఉండే గాడి వేరే చోట ఉంటుంది. స్లాటులో పెడితే కూర్చోదు. కూర్చోనిదాన్ని నొక్కితే స్లాటు విరుగుతుంది. ఈ గాడి పెట్టిందే మనలాంటివాళ్ల చేతుల నుంచి బోర్డును కాపాడటానికి. దాన్ని మార్పించి, డీడీఆర్4 పలకను పద్దెనిమిది వందలకు తెప్పించాను. వేగం 3200 అని ఉంది, మా పాతది 2400. వేగాలు వేరైనా చింత లేదు, రెండూ కలిసి తక్కువ వేగంతో నడుస్తాయి. (2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. ఇప్పుడు కొనేవారికి నా ధర దొరకదు.)

ఈసారి ఒడియా భాయినా దుకాణంలో నా చేత్తోనే బిగించాను. అతను పక్కన నిలబడి చెప్పాడు. ఛార్జర్ తీసి, ల్యాప్‌టాప్ ఆపి, పవర్ మీటను పది సెకన్లు నొక్కి పట్టాలి. లోపల నిలిచి ఉన్న కరెంటు దిగిపోతుంది. మూత తీశాక ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. ఒంటి మీది స్థిర విద్యుత్తు పోవడానికి అక్కడి ఇనుప బీరువాను ముట్టుకోమన్నాడు. పలకను అంచులు పట్టుకుని, కొంచెం ఏటవాలుగా స్లాటులోకి దూర్చి, కిందికి నొక్కితే రెండు వైపులా కొక్కేలు టక్కుమని పట్టుకోవాలి. నాకు టక్కుమనే వినిపించింది. మూత వేసి ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. నా చేతులు చల్లబడ్డాయి. కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి లేవడానికి కొంత సమయం పట్టడం మామూలే, ఆగండి అన్నాడు. రెండు నిమిషాలు ఆగినా రాలేదు. మళ్లీ విప్పి చూస్తే పలక బంగారు పళ్లు ఒక వెంట్రుకవాసి బయటికి కనిపిస్తున్నాయి. ఒకవైపు కొక్కేమే పట్టింది, రెండోది పట్టలేదు. తీసి మళ్లీ గట్టిగా దూర్చి నొక్కాను. ఈసారి తెర వెలిగింది. మెమరీ 12 జీబీ అని కనిపించింది.

ఆరోజే పాత డిస్కు తీసేసి, అదే కొలతలో ఉండే, తిరిగే భాగాలు లేకుండా చిప్పులలో సమాచారం దాచే కొత్తరకం డిస్కు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. దీనికి ఆరు వేలకు పైనే అయింది. పాత డిస్కు మొత్తాన్ని యథాతథంగా కొత్తదానిలోకి దించే క్లోనింగ్ పద్ధతి ఉంది గానీ, జబ్బు డిస్కు నుంచి తప్పులను కూడా మోసుకురావడం ఎందుకని విండోస్‌ను కొత్తగా వేయించాను. పెట్టె మీద 1 టీబీ అని ఉంటే తెర మీద 931 జీబీ చూపిస్తుంది, కంగారు పడవద్దు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెడితే విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ లేవడానికి ఇరవై సెకన్లు చాలు. నిజం చెప్పాలంటే ఈ వేగంలో ఎక్కువ భాగం ఎస్‌ఎస్‌డీ పుణ్యమే. డబ్బు ఒక్కదానికే ఉంటే, హార్డ్ డిస్కుతో నడిచే ల్యాప్‌టాప్‌కు ముందు అదే మార్చమని చెబుతాను. కానీ వంద ఫొటోలు వరసగా తిప్పినా ఆగకపోవడం ర్యామ్ వల్లే.

అసలు పని ఇక్కడి నుంచి మొదలైంది.

బయటి డిస్కులో 61 వేల ఫైళ్లు, 640 జీబీ. తీరిగ్గా చూస్తే చోటు తినేది ఫొటోలు కావు, వీడియోలు. ఫోనులో 4కే నాణ్యతతో తీస్తే ఒక్క నిమిషానికి మూడు నాలుగు వందల ఎంబీలు. పాప స్కూలు వార్షికోత్సవాన్ని నేను నలభై నిమిషాలు అలా తీశాను, అందులో పాప ఉన్నది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఉంచి మిగిలింది కోసేశాను. ఇప్పుడు ఇంట్లో తీసేవాటికి ఫోనును అంతకన్నా తక్కువ నాణ్యత అయిన 1080పీకి మార్చి ఉంచాను, మా టీవీ మీద తేడా తెలియడం లేదు. తరవాత నకళ్లు. ఫోను మార్చినప్పుడల్లా మొత్తం కాపీ చేసి పెట్టడం వల్ల ఒకే ఫొటో మూడు నాలుగు చోట్ల ఉంది. పేరును బట్టి కాక, ఫైలు లోపలి సరుకును పోల్చి నకళ్లు పట్టే ప్రోగ్రాంతో వాటిని ఏరాను. ఏరినవాటిని వెంటనే చెరిపేయలేదు. ఒక ఫోల్డరులో నెల రోజులు ఉంచి, ఏదీ తగ్గలేదని చూసుకున్నాకే తీసేశాను. చివరికి 410 జీబీ మిగిలింది.

వాట్సాప్ ఫొటోల దగ్గర నా మనసు కష్టపడింది. బంధువులు పంపిన మంచి మంచి ఫొటోలన్నీ అందులో కుదించుకుపోయి ఉన్నాయి. ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారన్న సమాచారం కూడా రాలిపోతుంది. ఫైలు పేరులో ఉండే తేదీ పంపిన రోజుదే, తీసిన రోజుది కాదు. నాన్నగారి అరవయ్యో పుట్టినరోజు ఫొటోలు మా అన్నయ్యగారబ్బాయి దగ్గర అసలువి ఉన్నాయని తెలిసి, డాక్యుమెంట్‌గా పంపమని అడిగి తెప్పించుకున్నాను. అలా పంపితే కుదించదు. అదే ఫొటో రెండు రకాలుగా పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో నాన్నగారి కళ్లద్దాలలో కిటికీ నీడ కనిపిస్తుంది, ఇంకోదానిలో కనిపించదు.

ఫోల్డర్ల పేర్లకు ముందు సంవత్సరం, తరవాత నెల, తరవాత తేదీ పెట్టాను. అలా పెడితే అవే కాలక్రమంలో నిలబడతాయి. ఆపైన ఏ భాషలో రాయాలి? ఇది మా ఇంటి ప్రశ్న, సరిహద్దు ఇళ్లన్నిటి ప్రశ్న. అమ్మకు తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. పాప తొమ్మిదో తరగతి, ఒడియా మాధ్యమం. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. నేను ఇంగ్లీషులో రాసేస్తే పని త్వరగా అయిపోయేది. కానీ అమ్మ చూడలేని పేరు అమ్మ ఫొటోకు ఎందుకు? తెలుగులోనే రాయాలని, పాపే రాయాలని నిర్ణయించాను. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫొటోకు శీర్షిక రాస్తే అది ఆ ఫొటో ఫైలులోనే చేరేలా పెట్టుకోవచ్చు. ఫైలును ఎక్కడికి కాపీ చేసినా పేరు వెంట వెళుతుంది.

ఆగస్టు నుంచి దసరా దాకా, రోజూ రాత్రి భోజనాలయ్యాక అమ్మ మంచం మీద ముగ్గురం కూర్చున్నాము. నేను ఫొటో తిప్పుతాను, అమ్మ చెబుతుంది, పాప టైపు చేస్తుంది. "ఇది మీ తాతయ్య అక్క, పాతపట్నంలో ఇచ్చారు. ఆ పక్కనున్న పిల్ల ఆమె ఆడపడుచు కూతురు. ఈ చీర నాదే, ఫొటో కోసం ఇచ్చాను." ఆడపడుచు అంటే ఏమిటని పాప అడిగింది. రాత్రి పదింటికి వరసలన్నీ కాగితం మీద చెట్టులా గీసుకున్నాము. ముఖాలు పోల్చే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, కానీ అది మా పెద్దత్తనూ చిన్నత్తనూ ఒకరే అంది. అమ్మ మాత్రం వెనక నుంచి జడ చూసి చెప్పేసింది. ముప్ఫై ఏళ్ల ఫొటోలు నా దగ్గర ఉన్నాయని ఇంతకాలం అనుకున్నాను. నా దగ్గర ఉన్నవి ముఖాలు. వాళ్లు ఎవరన్నది అమ్మ దగ్గరే ఉంది, దానికి నకలు లేదు. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ఏ డిస్కు గురించీ పడనంత తొందర నాకు ఆ రెండు నెలలూ పడింది.

ఇక నకళ్ల ఏర్పాటు. ఫొటోలు మూడు చోట్ల ఉండాలి, రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి అని ఈ రంగంలో వాళ్లు చెప్పే సూత్రం. తిత్లీ చూసినవాళ్లకు ఆ మూడో మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. ఒక నకలు ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలో, రెండోది ఇంట్లోని బయటి డిస్కులో, మూడోది ఇంకో డిస్కులో చెల్లెలి ఇంట రాయగడలో. సంక్రాంతికీ దసరాకూ చెల్లెలు వచ్చినప్పుడు ఆ డిస్కు తెస్తుంది, కొత్త ఫొటోలు చేర్చిన డిస్కు తీసుకెళుతుంది. దాచిపెట్టే నకలుకు పాతరకం తిరిగే డిస్కే తీసుకున్నాను. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే అందులోని సమాచారం చెరిగిపోయే ప్రమాదం ఉంది. గూగుల్ ఫొటోస్‌లో హద్దు లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఈమెయిల్ కూడా పంచుకోవాలి. అందుకని అక్కడ తిత్లీ స్కాన్లూ, అమ్మమ్మ మాట ఉన్న ముక్కా మాత్రమే పెట్టాను. కాపీ అయిందని తెర చెప్పినంత మాత్రాన నమ్మను. ప్రతిసారీ కొత్త నకలులో నుంచి ఇరవై ఫైళ్లు తెరిచి, వీడియోలైతే చివరి నిమిషం దాకా జరిపి చూస్తాను.

దసరా రోజున అమ్మ మంచం మీద ల్యాప్‌టాప్ మళ్లీ పెట్టాను. పెళ్లి వీడియో జీలకర్ర బెల్లం దాటింది, తలంబ్రాలు దాటింది. అప్పగింతల దగ్గర నాన్నగారు కళ్లు తుడుచుకుని, కెమెరా వైపు చేయి ఊపి తీయవద్దన్నారు. అది మేమెవరం అంతకు ముందు చూడలేదు. అంతదాకా ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడూ రాలేదు.

ఇంకా ఒక ఫోల్డరు మిగిలింది. పాప దానికి పేరు తెలియనివారు అని రాసింది. తడిసి బతికిన ఫొటోలలో అమ్మ కూడా పోల్చలేకపోయినవి ఇరవై మూడు. సంక్రాంతికి మామయ్య వచ్చినప్పుడు వాటిని టీవీ మీద చూపించాము. రెండో ఫొటో దగ్గరే లేచి నిలబడ్డాడు. గొడుగు పట్టుకున్న ఆ సన్నటి మనిషి తనకు అక్షరాలు దిద్దబెట్టిన మాస్టారట. అలా తొమ్మిదింటికి పేర్లు దొరికాయి. పద్నాలుగు మిగిలాయి. మాఘంలో పాతపట్నంలో పెళ్లి ఉంది, నాన్నగారి వైపు పెద్దవాళ్లందరూ వస్తారు. మహేంద్రతనయ వంతెన దాటితే పాతపట్నమే. ఆ పద్నాలుగూ పెద్ద సైజులో అచ్చు వేయించి, వెనక వైపు రాయడానికి ఖాళీ గీతలు గీసి, పాప తన స్కూలు సంచిలో సర్దుకుంది.